చెక్క ఇరుసు కారు: నమూనా చేసే పద్ధతి

బడిలో సైన్సు ప్రదర్శన ఉందని మా మనవరాలు ఫోనులో ఒక పాత అమెరికా కారు ఫోటో చూపించింది. "తాతయ్యా, దీనికి ఇరుసు కూడా చెక్కదేనట. నువ్వయితే చేసేస్తావు" అంది. ద్రాక్షారామం దగ్గర మా నాన్నగారు ఎడ్లబండ్లు కట్టేవారు. నాకు ఉలి పట్టడం వచ్చేసరికి పొలాల్లోకి ట్రాక్టర్లు దిగాయి. తలుపులూ మంచాలూ చేసుకుంటూ బతికాను. ఇరుసు అనే మాట విని చాలా ఏళ్లయింది. సరేనన్నాను. మూడు ఆదివారాలు పట్టింది. నా తప్పులు మీరు చేయకపోతే రెండు చాలు.

కారు పేరు బ్రష్ రనబౌట్. 1907లో డెట్రాయిట్‌లో పుట్టింది. రూపకల్పన అలన్సన్ బ్రష్‌ది, పెట్టుబడి ఫ్రాంక్ బ్రిస్కోది. చిన్న బండి, ఒకే సిలిండరు ఇంజను. చట్రంలో పొడుగు దూలాలు చెక్కవి, అడ్డపట్టీలు ఇనుపవి. ఇరుసులు ఓక్, హికరీ, మేపుల్ వంటి గట్టి కర్రవి. అన్నీ చెక్కే, ఇది కదిలినట్టేనని అక్కడివాళ్లు వెక్కిరించేవారట. ఫోర్డ్ మోడల్ టీ చక్రాల ఆకులు కూడా చెక్కవే, మరి దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ముందు కర్ర సంగతి. ప్లైవుడ్ జోలికి పోవద్దు, చివర్లు చెక్కగానే పొరలు లేచిపోతాయి. చట్రానికి ఏ వడ్రంగి దగ్గరయినా దొరికే టేకు ముక్కలు సరిపోతాయి. ఇరుసుకు మాత్రం నల్లతుమ్మ చేవ వెతకండి. ముక్కను వెలుగులోకి ఎత్తి చూస్తే నారలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా సాగాలి. నార పక్కకు జారిన చోటే రేపు చీలిక వస్తుంది. ముడి కనబడితే పొయ్యిలో పెట్టండి. నాన్నగారు కర్రను అరుగుకేసి కొట్టి చెవి ఒగ్గేవారు. ఖంగుమనాలి.

ముప్పావు అంగుళం మందం, ఏడు అంగుళాల పొడుగు ఉన్న ముక్కలు రెండు చిత్రిక పట్టండి (కొలతలు నా నమూనావి, అసలు కారువి కావు). చివర్లను అంగుళం మేర పెన్సిలు లావుకు గుండ్రంగా చెక్కండి. చక్రాలు నాలుగు అంగుళాలవి. ఆకులు దిగగొట్టే ఓపిక లేకపోతే గుండ్రటి పలక కోసుకున్నా ఫరవాలేదు. చక్రం ఇరుసు మీద వదులుగా తిరగాలి, బయట చిన్న సీల కొట్టాలి. ఇరుసు తిరగకూడదు. ఎడ్లబండి కిటుకు అదే, బ్రష్ కారు కిటుకూ అదే. ఇంజను బలం రెండు పక్కలా గొలుసుల మీదుగా నేరుగా వెనక చక్రాలకు చేరేది. ఇరుసు మీద మెలితిప్పే బలం పడదు, దాని పని బరువు మోయడం ఒక్కటే. ఆ పని కర్ర ఎన్ని వందల ఏళ్లుగా చేయడం లేదు!

ఇక స్ప్రింగులు. నా మొదటి ఆదివారం అంతా వీటికే పోయింది. ఆ రోజుల్లో చాలా బండ్లకు కమాను పట్టాలుండేవి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు. బ్రష్ మాత్రం చుట్ట స్ప్రింగులు పెట్టాడు, అవీ నొక్కుకునేవి కావు, సాగేవి. ఉట్టిలో కుండ వేలాడినట్టు బండి బరువు వాటికి వేలాడుతుంది. నేను ముందు బాల్‌పెన్ను స్ప్రింగులు వాడాను. అవి నొక్కడానికి పుట్టినవి, ఒకసారి సాగదీస్తే అలాగే ఉండిపోయాయి. ఇనుప కట్టుతీగ చుట్టి చూశాను, పొద్దున్నకల్లా బండి పొట్ట ఇరుసుకు ఆనింది. చివరికి పని చేసింది వీణకు వాడే ఉక్కు తీగ. సన్నటి మేకు మీద బిగించి, చుట్టుకు చుట్టు ఆనేలా ఎనిమిది చుట్లు తిప్పండి. చేయి వదలగానే చుట్ట కాస్త విప్పారుతుంది, కాబట్టి మేకు మీకు కావలసినదానికంటే సన్నగా ఉండాలి. రెండు చివర్లా కొక్కేలు వంచండి. ఇరుసు మీద రెండు పక్కలా రెండంగుళాల గుంజలు నిలబెట్టి, పై కొక్కెం గుంజ తలకు, కింది కొక్కెం చట్రానికి తగిలించండి. ఇరుసుకు రెండు, మొత్తం నాలుగు.

ఇలా వేలాడదీసి తోస్తే నా ఇరుసు వంకరగా వెనక్కి జరిగిపోయింది. కమాను పట్టా బరువు మోస్తూనే ఇరుసును కదలకుండా పట్టుకుంటుంది. చుట్ట స్ప్రింగు పట్టుకోదు. అందుకని చట్రం నుంచి ఇరుసుకు ప్రతి పక్కా ఒక సైకిలు పుల్ల ముక్కను అటూ ఇటూ మడత కీలులా బిగించండి. ఇరుసు పైకీ కిందికీ ఆడాలి, ముందుకూ వెనక్కూ కాదు. బండి ఊగుతూనే ఉంటే అసలు కారులో లాగే రాపిడి పెట్టాలి. రెండు చెక్క చేతుల మధ్య పాత చెప్పు నుంచి కోసిన తోలుబిళ్ల పెట్టి మరతో బిగిస్తే చాలు. కాలువగట్టు మీద లాగి చూశాను, గతుకుల్లో చక్రాలు ఎగురుతున్నా పైన పెట్టిన గ్లాసులో నీళ్లు ఒలకలేదు. 1912లో ఫ్రాన్సిస్ బర్టిల్స్, సిడ్ ఫెర్గూసన్ ఈ కారులోనే ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీకి 28 రోజుల్లో చేరారంటే నాకిప్పుడు ఆశ్చర్యం లేదు.

గొలుసులకు బదులు సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రింగులు, వాటిని తిప్పడానికి చట్రానికి అడ్డంగా ఒక ఇనుప ఊచ, దాని ఎడమ చివర హేండిలు. ముందు చక్రాలు పక్కకు తిరిగే ఏర్పాటు నేను చేయలేదు, టైము లేదు.

నమూనా పక్కన వివరాలు రాసి పెట్టే అట్ట మీద, చెక్క వల్లే కంపెనీ మూతపడిందని రాయకండి. 1910లో దాన్ని ఫ్రాంక్ సోదరుడు బెంజమిన్ బ్రిస్కో కట్టిన యునైటెడ్ స్టేట్స్ మోటార్ కంపెనీలో కలిపేశారు. 350 డాలర్లకు లిబర్టీ బ్రష్ అనే చవక రకం కూడా తెచ్చారు. 1912లో ఆ పెద్ద సంస్థ దివాలా తీసింది, బ్రష్ కూడా దానితో మునిగింది. అందులోని కార్ల కంపెనీల్లో తేలింది మాక్స్‌వెల్ ఒక్కటే.

అట్ట మీద ఇంకో సంగతి తప్పక ఉండాలి. మిగతా చాలా కార్ల ఇంజన్లు గడియారపు ముల్లు తిరిగే వైపు తిరిగేవి, బ్రష్ ఇంజను అందుకు ఎదురు. చేత్తో హేండిలు తిప్పి స్టార్టు చేసేటప్పుడు ఇంజను వెనక్కి తన్నినా కుడిచేతివాటం వారికి దెబ్బ తక్కువ తగలాలని అలా చేశారు. పొలంలో ఆయిలు ఇంజను తన్ని మా పెదనాన్న మణికట్టు విరగడం నేను చూశాను, అందుకే ఈ బ్రష్ మీద నాకు గౌరవం. నమూనాలోనూ అంతే, ఎడమ పక్క నిలబడి గడియారానికి ఎదురుగా తిప్పితేనే బండి ముందుకు పోతుంది. హేండిలు పక్కన బాణం గుర్తు వేయండి. నేను వేయలేదు. ప్రదర్శన రోజు ప్రధానోపాధ్యాయుడు వచ్చి అలవాటుగా తిప్పారు, కారు వెనక్కి నడిచి బల్ల అంచు మీద ఆగింది.