పాత కారులో కూలెంట్ తగ్గిపోతోందా? ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మార్చే ముందు ఇవి చూడండి

కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, కింద మాత్రం చుక్క పడటం లేదు. పాత కార్లు నడిపేవాళ్లు తరచూ చెప్పే మాట ఇది, దీనికి దొరికే సలహా కూడా ఎప్పుడూ ఒకటే: "ట్యాంక్ మార్చేయండి." ఒక్కోసారి నిజంగానే దాంతో సరిపోతుంది. కానీ పాతది ఎందుకు పగిలిందో చూడకుండా కొత్తది బిగిస్తే కొన్నాళ్లకి అదీ పగులుతుంది, ఎందుకంటే కూలింగ్ సిస్టమ్ మొత్తంలో వయసు మీదపడిన ప్లాస్టిక్ ట్యాంక్ అంత బలహీనమైన భాగం ఇంకోటి ఉండదు, ప్రెజర్ ఏ కారణంతో పెరిగినా ముందు నోరు తెరిచేది అదే. కాబట్టి ముందు లక్షణం చూద్దాం, తర్వాత కారణం, స్పానర్ ఆ తర్వాతే.

ముందు మీ కారులో ఉన్నది ఏ రకం ట్యాంకో తేల్చుకోండి

రెండు రకాలున్నాయి, జనం రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, సగం గందరగోళం అక్కడే. ప్రెజర్ క్యాప్ ట్యాంక్ మీదే ఉంటే ఆ ట్యాంక్ సిస్టమ్‌లో భాగం, ఇంజిన్ వేడెక్కినప్పుడు లోపలి ప్రెజర్ అంతా అదీ మోస్తుంది. క్యాప్ రేడియేటర్ మీద ఉండి, దాని మెడ దగ్గర నుంచి సన్నటి పైపు ఒక మామూలు ప్లాస్టిక్ సీసాలోకి వెళ్తుంటే అది ఓవర్‌ఫ్లో బాటిల్, దాని మీద ప్రెజరేమీ ఉండదు. ఇంకా పాత కార్లలో ఈ రెండూ ఉండవు, ఎక్కువైన నీళ్లు పైపులోంచి రోడ్డు మీదికే పోతాయి. అలాంటి కారులో రేడియేటర్‌ని అంచుదాకా నింపి "రోజూ తగ్గుతోంది" అని కంగారుపడేవాళ్లు కూడా ఉన్నారు. అది లీక్ కాదు, నీళ్లు వ్యాకోచించి ఎక్కువైనంత బయటికి పోతున్నాయి అంతే. మామూలు చల్లదనం నుంచి మరిగే వేడికి వచ్చేసరికి నీళ్ల పరిమాణం 4 శాతం దాకా పెరుగుతుంది, అంటే 8 లీటర్ల సిస్టమ్‌లో సుమారు 300 మిల్లీలీటర్లకి పైగా ఎక్కడో చోటు కావాలి. ట్యాంక్ ఉన్నది ఆ చోటు కోసమే.

లక్షణం: లెవెల్ తగ్గుతోంది, కింద తడి లేదు

ట్యాంక్‌కి వెంట్రుకంత పగులు ఉంటే జరిగేది ఇదే. చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు మూసుకుని ఉంటుంది, ఇంజిన్ వేడెక్కి ప్రెజర్ ఎక్కాక తెరుచుకుంటుంది, బయటికొచ్చిన కాస్త కూలెంట్ వేడి మీద అక్కడికక్కడే ఆరిపోతుంది. కింద చూస్తే నేల పొడిగానే ఉంటుంది. వెతకాల్సింది ఎండిన మరకల కోసం: ట్యాంక్‌ని రెండు సగాలుగా చేసి అతికించిన అతుకు చుట్టూ, పైపులు తగిలించే ముక్కుల మొదట్లో, క్యాప్ కింద మెడ దగ్గర. తెల్లగానో, కూలెంట్ రంగులోనో పొడి పేరుకుని ఉంటే దొరికినట్టే. నడిపి ఆపాక బానెట్ ఎత్తగానే తియ్యటి వాసన వచ్చినా అనుమానించండి. ట్యాంక్ పసుపు నుంచి గోధుమ రంగుకి తిరిగి, లోపలి లెవెల్ బయటికి కనపడటం మానేసిందంటే పగులు దొరక్కపోయినా మార్చేయడమే నయం, ఆ ప్లాస్టిక్ పెళుసెక్కిపోయింది.

మరకలేమీ దొరక్కపోతే ప్రెజర్ టెస్టర్ తెచ్చుకోండి. ఇది గేజ్ ఉన్న చేతి పంపు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్యాప్ స్థానంలో బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెజర్ దాకా మాత్రమే కొట్టి, పదిహేను నిమిషాలు వదిలేయాలి. ముల్లు పడిపోతుంటే లీక్ ఉన్నట్టే, ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి తడి ఆరిపోకుండా కంటికి కనపడుతుంది. ట్యాంక్ పొడిగా ఉండి ముల్లు పడుతోందా? వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర తడి ఉందేమో చూడండి, హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కోసం ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. అద్దానికి లోపలి వైపు జిడ్డు మంచులా పడుతుంటే హీటర్ కోరే.

లక్షణం: బాటిల్ నిండుగా ఉంది, రేడియేటర్ ఖాళీ

ఓవర్‌ఫ్లో బాటిల్ ఉన్న కార్లలో మోసం చేసేది ఇదే, ఎందుకంటే రోజూ బాటిల్ చూసుకుని అంతా బాగుందనుకుంటాం. వేడెక్కినప్పుడు కూలెంట్ క్యాప్‌ని నెట్టుకుని బాటిల్‌లోకి వస్తుంది, చల్లారేటప్పుడు లోపల ఏర్పడే వాక్యూమ్ దాన్ని వెనక్కి లాక్కోవాలి. లాగడానికి మూడు కావాలి: క్యాప్‌లో వాక్యూమ్ వాల్వ్ పనిచేయాలి, క్యాప్ పై అంచు రబ్బరు గాలి చొరబడకుండా కూర్చోవాలి, పైపు చివర బాటిల్ అడుగున కూలెంట్‌లో మునిగి ఉండాలి. ఆ సన్నటి పైపుకి ఎక్కడైనా బీట పడితే నీళ్లకి బదులు గాలి లాగుతుంది. ఇక్కడ బాటిల్ మార్చినా లాభం లేదు. కొత్త క్యాప్, అరమీటరు కొత్త పైపు వేస్తే పోయే జబ్బు ఇది. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఒకప్పుడు బాటిల్ లేని కారుకి తర్వాత ఎవరో బాటిల్ తగిలించి ఉంటే క్యాప్ మాత్రం పాత రకమే మిగిలిపోయి ఉండొచ్చు, దానికి పై అంచున రెండో సీల్ ఉండదు, కాబట్టి ఎప్పటికీ వెనక్కి లాగదు.

లక్షణం: చల్లారాక పై హోస్ పైపు నలిగి లోపలికి పోతోంది

క్యాప్‌లోని వాక్యూమ్ వాల్వ్ బిగుసుకుపోయింది. క్యాప్ మార్చండి, అంతే.

లక్షణం: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పైపులు రాయిలా గట్టిపడుతున్నాయి

ఇక్కడ ఆగండి. ఇంకా వేడే ఎక్కని నీళ్లు అంత ప్రెజర్ పుట్టించలేవు, అది సిలిండర్ లోంచి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కి, పైనుండే హెడ్‌కి మధ్య సీల్) దాటి వస్తున్న గ్యాస్. చల్లగా ఉన్నప్పుడే క్యాప్ తీసి, స్టార్ట్ చేసి చూస్తే ట్యాంక్‌లో ఆగకుండా బుడగలు వస్తాయి. నిర్ధారించుకోడానికి నీలం ద్రవం ఉండే టెస్టర్ దొరుకుతుంది, ట్యాంక్ మూతి దగ్గరి గాలిని అందులోంచి పీలిస్తే, పెట్రోల్ ఇంజిన్ గ్యాస్ ఉన్నప్పుడు నీలం పసుపుకి తిరుగుతుంది. ఇలాంటి కారుకి కొత్త ట్యాంక్ వేయడమంటే ట్యాంక్ పారేసుకోవడమే. కూలెంట్ మీద నూనె తేలుతున్నా, బురద రంగులో చిక్కబడినా మొదటి అనుమానం ఇక్కడే.

క్యాప్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి

క్యాప్ చేసే పని కుక్కర్ వెయిట్ చేసే పనే, ప్రెజర్ నిలిపి మరిగే ఉష్ణోగ్రతని పైకి జరుపుతుంది. ఉత్త నీళ్లు మామూలుగా 100 డిగ్రీలకి మరిగితే, 7 పీఎస్‌ఐ (ప్రెజర్ కొలత, క్యాప్ మీద రాసి ఉంటుంది) క్యాప్ కింద సుమారు 111 డిగ్రీల దాకా, 15 పీఎస్‌ఐ కింద సుమారు 121 దాకా ఆగుతాయి. ఇది చూసి "ఇంజిన్ వేడెక్కుతోంది, పెద్ద క్యాప్ వేద్దాం" అనే ఆలోచన వస్తుంది. వద్దు. 7 పీఎస్‌ఐకి తయారైన ఇత్తడి రేడియేటర్, దాని సోల్డర్ అతుకులు, పాత హీటర్ కోర్, వీటన్నిటి మీదా ఆ రెట్టింపు ప్రెజర్ పడుతుంది, వేడెక్కడానికి అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది. కారు తయారైనప్పుడు ఎంత ఉందో అంతే వేయండి. ట్యాంక్ మారుస్తుంటే క్యాప్ కూడా కొత్తది వేయండి; వేడెక్కాక తెరుచుకోని పాత క్యాపే మీ పాత ట్యాంక్‌ని చీల్చి ఉండొచ్చు.

కొత్త ట్యాంక్ ఎంచుకోవడం

పాత స్టాక్‌లో మిగిలిన ఒరిజినల్ ట్యాంక్, డబ్బా కూడా విప్పనిది దొరికిందని సంబరపడకండి. ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది, ముప్పై ఏళ్ల కిందటి ట్యాంక్ కన్నా ఈమధ్య తయారైన కాపీ ట్యాంక్ ఎక్కువ కాలం నిలవొచ్చు. నా మాట అడిగితే షోలో నిలబెట్టే కారుకి ఒరిజినల్, రోడ్డెక్కే కారుకి కొత్తది. కొనేముందు పాతదాన్ని పక్కన పెట్టి పైపు ముక్కుల లావు, క్యాప్ మర, లెవెల్ సెన్సర్ రంధ్రం, బిగించే చెవులు సరిచూసుకోండి. ఎపాక్సీతో అతికిద్దామంటే, ఈ ట్యాంకులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసినవి, దానికి జిగురేదీ సరిగా పట్టదు. ఇంటికి చేరడానికి సరే, నడపడానికి కాదు. ఇత్తడి ట్యాంక్ అయితే కథ వేరు, రేడియేటర్ పని చేసేవాళ్లు సోల్డర్ వేసి ప్రెజర్ టెస్ట్ చేసి ఇస్తారు, పారేయకండి.

విప్పడం, బిగించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద క్యాప్‌కి గుడ్డ వేసి మెల్లగా తిప్పితే ఏం కాదంటారు కొందరు, వినకండి, ప్రెజర్ వదలగానే 100 డిగ్రీలు దాటి ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక క్యాప్ తీసి, లెవెల్ ట్యాంక్ కంటే కిందికి వచ్చేదాకా కూలెంట్‌ని శుభ్రమైన పాత్రలోకి దించండి. ఆ పాత్రని పిల్లలకి, కుక్కలకి, పిల్లులకి అందకుండా పెట్టండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం, కొంచెం తాగినా ప్రాణం మీదికొస్తుంది.

పాత హోస్ ముక్కుకి అతుక్కుపోయి ఉంటుంది. లాగకండి, క్లిప్ వదులు చేసి ముందు గుండ్రంగా తిప్పి పట్టు విడిపించండి. రాకపోతే హోస్‌ని పొడుగునా కోసేయండి, అంత బిగుసుకున్న హోస్ ఎలాగూ మార్చాల్సిందే. రేడియేటర్ వైపు ముక్కు ప్లాస్టిక్‌దైతే దాన్ని గీకకుండా చూసుకోండి, ఆ చివర మీద బలం పెడితే రేడియేటర్ పని కూడా నెత్తిన పడుతుంది. సెన్సర్ వైరు ఊడదీసి, స్క్రూలు విప్పి ట్యాంక్ ఎత్తేయండి.

కొత్తదానికి ఓ-రింగులు, రబ్బరు బుష్‌లు కొత్తవే. హోస్ ఎక్కడానికి కాస్త కూలెంట్ రాయండి, ఇంజిన్ ఆయిలో గ్రీజో వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. క్లిప్ ముక్కు చివరి గట్టు దాటి లోపలికి కూర్చోవాలి, గట్టు మీద కాదు. స్క్రూ తిప్పి బిగించే పురి క్లిప్పులు హోస్ నలగనంత వరకే బిగించండి, ప్లాస్టిక్ ముక్కు చితికిపోతుంది.

నింపడం, గాలి తీయడం

పాత ఇత్తడి రేడియేటర్, సోల్డర్ ఉన్న కారుకి పాత రకం సిలికేట్ కూలెంటే మంచిది, రెండేళ్లకోసారి మారుస్తూ ఉండాలి. రంగు చూసి కొనకండి, రంగుకి ఏ నియమమూ లేదు, రెండు రకాలు కలిస్తే బంకలా గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి.

హీటర్ నాబ్ పూర్తి వేడి మీద పెట్టండి. వీలైతే కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉంచండి, గాలి ట్యాంక్ వైపు చేరుతుంది. బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా మెల్లగా పోయండి. తర్వాత స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్) తెరుచుకుని కింది హోస్ వేడెక్కేదాకా ఉంచండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పటి లెవెల్ మార్క్ వరకే నింపండి, పైన ఖాళీ కావాలి.

హీటర్ ఐడిల్‌లో చల్లగా, రేస్ చేస్తే వేడిగా వస్తుంటే, గేజ్ ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే లోపల ఇంకా గాలి ఉంది. పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ గాలి తీయండి. మొదటి ఒకటి రెండు ప్రయాణాల తర్వాత లెవెల్ కాస్త దిగడం మామూలే, దాక్కున్న గాలి బయటికొచ్చినట్టు. చల్లారాక మార్క్ దాకా పోసి, క్లిప్పులు ఇంకోసారి చూడండి. ఆ తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే ట్యాంక్‌ని వదిలేసి మళ్లీ ప్రెజర్ టెస్టర్ తీయండి, ఈసారి కార్పెట్ కింద నుంచి మొదలుపెట్టండి.