కోనసీమ నుంచి అద్దె ఎలక్ట్రిక్ కారులో దూర ప్రయాణం

కారు తీసుకునేటప్పుడే సీసీఎస్2 సాకెట్ (ఫాస్ట్ ఛార్జర్ ప్లగ్గు పెట్టే చోటు) మూత తీసి, పిన్నుల్లో తుప్పు, తడి ఉన్నాయేమో చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది తప్పనిసరి. ఎంత ఛార్జింగ్‌తో తిరిగివ్వాలో కాగితం మీద రాయించుకోండి.

ఫుల్ ఛార్జింగ్‌కు కంపెనీ 450 కిలోమీటర్లంటే, హైవే మీద ఏసీతో 300 అనుకోండి. 80 నుంచి 20 శాతం వరకే వాడితే, మజిలీకి 180. 80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జర్ బాగా నెమ్మదిస్తుంది, అక్కడ కూర్చోవడం దండగ. రావులపాలెంలో హైవే ఎక్కేముందే తర్వాతి రెండు ఛార్జర్లు పనిచేస్తున్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

బంధువులింట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు సుమారు 3 యూనిట్లు, రాత్రికి 30. పాత పెంకుటిళ్లలో ఎర్త్ సరిగా ఉండదు. అలాంటప్పుడు ఛార్జర్ డబ్బా మీద ఎర్రలైటు వెలిగి ఛార్జింగ్ ఎక్కదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం వాడొద్దు, వేడెక్కి కరిగిపోతుంది.