పది తర్వాత ఏం చదవాలి? హైస్కూల్లో పిల్లలకు దారి చూపడం ఎలా

నేను వెంకటగిరి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పిల్లల్లో చేనేత ఇళ్ళవాళ్ళు, కూలి పనులకు వెళ్ళేవాళ్ళ పిల్లలే ఎక్కువ. "పది అయ్యాక ఏం చేస్తావు నాన్నా?" అంటే చాలామంది "ఎంపీసీ సార్" అంటారు. ఎంపీసీ చదివితే ఏమవుతావంటే మాట్లాడరు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, బడిలో ఇందుకోసం వేరే మనిషిని వేయరు. కాబట్టి ఈ పని మన టీచర్లదే. ఎలా చేయవచ్చో నేను చేసే పద్ధతిలో చెబుతాను.

ముందు సమయం. పబ్లిక్ పరీక్షలయ్యాక సభ పెడితే ఎవరికీ ఉపయోగపడదు. సంక్రాంతి దాటేసరికే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు (పిల్లల్ని చేర్పించే మనుషులు) ఇళ్ళకు వస్తారు, ఫీజు తగ్గిస్తామంటారు, అడ్వాన్సు కట్టించుకుంటారు. డబ్బు కట్టేశాక తల్లిదండ్రులు మన మాట వినాలన్నా వినలేరు. అందుకని తొమ్మిదో తరగతిలో దసరా సెలవులు అయిపోగానే మొదలుపెట్టండి. వారానికి ఒక పీరియడ్ చాలు. హెడ్మాస్టర్ గారితో చెప్పి దాన్ని టైంటేబుల్లో రాయించండి. రాయించకపోతే ఆ పీరియడ్‌ని సిలబస్ మింగేస్తుంది.

మొదటి నెల కోర్సుల పేర్లే ఎత్తకండి. ప్రతి పిల్లాడూ తన ఊళ్ళో జీతానికో సొంతంగానో పనిచేసే ఇద్దరితో మాట్లాడి రావాలి. లైన్‌మన్, ఏఎన్ఎం (ఊరి నర్సు), సచివాలయంలో సర్వేయర్, మెకానిక్, చీరల డిజైన్ గీసే మనిషి, ఎవరైనా సరే. అడగాల్సినవి నాలుగే: ఏం చదివారు, ఈ పని ఎలా దొరికింది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు, ఇందులో కష్టం ఏది. చివరి ప్రశ్న తప్పక అడిగించండి, నిజమైన సంగతులు అక్కడే బయటపడతాయి. ఆడపిల్లలు కనీసం ఒక మహిళతో మాట్లాడేలా చూడండి. క్లాసులో చదివించేటప్పుడు బాగుంది, బాగాలేదు అనకండి, పిల్లల్నే వాదించుకోనివ్వండి.

ఆ తర్వాత కోర్సులు. ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. కాలేజీ బ్రోచర్లు ఏ కోర్సు చదివితే ఏమేం రావచ్చో మాత్రమే చెబుతాయి. మనం రెండు ప్రశ్నలు కలపాలి: ఇది తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుంది? పోయిన దారి మళ్ళీ ఎక్కడైనా కలుస్తుందా? నేను బోర్డు మీద ఈ రెండు ప్రశ్నలూ రాసి, ఒక్కో పీరియడ్‌కి ఒక్కో కోర్సు పెడతాను.

ఎంపీసీ తీసుకుని, బయాలజీ అదనంగా చదవకపోతే నీట్ రాయడానికి ఉండదు. బైపీసీ తీసుకుంటే బీటెక్ సాధారణంగా పోతుంది, కానీ మిగిలేది ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, అగ్రికల్చర్, వెటర్నరీ ఉన్నాయి. బీఫార్మసీకి రెండు గ్రూపులవాళ్ళూ వెళ్ళవచ్చు. సీఈసీ అంటే మార్కులు రానివాళ్ళ గ్రూపని మన ఊళ్ళలో ఒక అభిప్రాయం ఉంది, దాన్ని గట్టిగా చెరిపేయాలి. సీఏ ఫౌండేషన్, ఐదేళ్ళ లా కోర్సు, బీకాం అన్నిటికీ అక్కడినుంచి వెళ్ళవచ్చు. సివిల్స్‌కి, గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇంటర్ తర్వాత సైన్యంలో అధికారులుగా తీసుకునే ఎన్డీఏలో ఆర్మీకి ఏ గ్రూపు చదివినా పర్లేదు, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి మాత్రం ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి.

పాలిటెక్నిక్ మూడేళ్ళు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈ సంగతి తెలియకే చాలా ఇళ్ళలో పాలిటెక్నిక్‌ని తక్కువగా చూస్తారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్‌లో ప్రశ్నలన్నీ పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ నుంచే వస్తాయి కాబట్టి దానికి వేరే కోచింగ్ అక్కర్లేదు, సాయంత్రం స్టడీ అవర్లో పాత పేపర్లు చేయిస్తే చాలు. నూజివీడు, ఇడుపులపాయ వంటి మన రాష్ట్ర ట్రిపుల్ ఐటీలకు ప్రవేశ పరీక్షే ఉండదు, పదో తరగతి మార్కులే చూస్తారు. అక్కడ రెండేళ్ళ పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్ళ బీటెక్ కలిపి ఆరేళ్ళు. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత వెయిటేజీ కూడా కలుస్తుంది. తెలివైన పిల్ల ఏదైనా పోగొట్టుకుంటుందంటే అది దరఖాస్తు తేదీ తెలియకపోవడం వల్లే.

ఐటీఐ (పారిశ్రామిక శిక్షణ సంస్థ) గురించి మాట్లాడేటప్పుడు నేను శ్రీహరికోటతో మొదలుపెడతాను. మా పిల్లలు మేడ ఎక్కి రాకెట్ చూస్తారు. అక్కడ పనిచేసేవాళ్ళంతా పెద్ద సైంటిస్టులే అనుకుంటారు. షార్‌లో, అంటే అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రంలో, టెక్నీషియన్ ఉద్యోగాలకు పదో తరగతితో పాటు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడుల్లో ఐటీఐ అడుగుతారని, టెక్నికల్ అసిస్టెంట్‌కి ఫస్ట్ క్లాసు డిప్లొమా అడుగుతారని చెబితే వెనక బెంచీలో కూర్చున్నవాడు ముందుకు వంగుతాడు. పాత నోటిఫికేషన్ ఒకటి ప్రింటు తీసి గోడకు అంటించండి, వాళ్ళే చదువుకుంటారు. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు, వెల్డర్ ఒక ఏడాది. రైల్వేలో లోకో పైలట్ కావాలనుకునేవాడికి ముందే కళ్ళ పరీక్ష చేయించమని చెప్పండి. రంగులు సరిగ్గా కనపడకపోతే ఆ ఉద్యోగం రాదు, అది ఐటీఐ అయ్యాక తెలిస్తే పిల్లాడు కుంగిపోతాడు.

మీ చుట్టుపక్కల ఏముందో కూడా వెతకండి. మా వెంకటగిరిలోనే ప్రగడ కోటయ్య గారి పేరుమీద చేనేత సాంకేతిక సంస్థ ఉంది, పది పాసైతే మూడేళ్ళ డిప్లొమా చేయవచ్చు. మగ్గం శబ్దం వింటూ పెరిగిన పిల్లలకే ఆ సంగతి తెలియకపోవడం నాకు బాధ అనిపిస్తుంది. ఏటా అక్కడికి నడిపించుకుని వెళతాను.

తల్లిదండ్రులతో మీటింగు పెట్టి మైకులో చెబితే సరిపోదు. ఇంటికి వెళ్ళండి, పని నుంచి వచ్చాక, తల్లి కూడా ఉన్నప్పుడు. "మీరే చెప్పండి సార్, మాకేం తెలుసు" అంటారు. ఆ మాట విని మనమే నిర్ణయించేయకూడదు. ఏ కాలేజీ ఎంత దూరం, హాస్టల్ ఉందా, ఏడాదికి మొత్తం ఎంత అవుతుంది, మధ్యలో డబ్బులు ఆగితే ఏం చేస్తారు, ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి. ఆడపిల్లను దూరం పంపడానికి జంకితే తిరుపతిలో టీటీడీ నడిపే పద్మావతి మహిళా పాలిటెక్నిక్ వంటివి చెప్పండి. ఒకసారి తండ్రిని తీసుకెళ్ళి చూపిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

కాగితాలు డిసెంబరులోపు సిద్ధం కావాలి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపకముందే చూడండి. పదో తరగతి మెమో మీద తప్పు పడితే దిద్దించుకోవడానికి పిల్లాడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టించండి. ఎనిమిదో తరగతి పిల్లలతో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించడం మరవకండి. వస్తే ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు చేతికందుతాయి.

ఫలితాలు వచ్చాక ఫెయిలైన పిల్లల పేర్లు ముందు రాసుకోండి. ఫస్ట్ వచ్చినవాళ్ళ ఇంటికి అందరూ వెళతారు. మీరు ఫెయిలైనవాళ్ళ ఇంటికి అదే రోజు వెళ్ళి సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ చెప్పండి, పోయిన సబ్జెక్టుకి మర్నాటి నుంచే బడికి రమ్మనండి. జూలైలో ప్రతి పిల్లాడికీ ఫోన్ చేసి ఎక్కడ చేరాడో రాసుకోండి. ఎక్కడా చేరలేదన్నవాళ్ళకు ఐటీఐ తర్వాతి విడత కౌన్సెలింగ్ తేదీ చెప్పి, ఆ రోజు తోడుగా వెళ్ళండి.