పారాచూట్ మన కయ్యలో దిగితే

ఒంగోలు దాటాక కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీదే యుద్ధ విమానాల కోసం రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న సుఖోయ్‌లు, తేజస్‌లు అక్కడ ట్రయల్‌కి వచ్చాయి. విమానాలు తిరిగే చోట ఎప్పుడో ఒకప్పుడు పైలట్ సీటు హ్యాండిల్ లాగి, సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగాల్సి రావచ్చు. హెలికాప్టర్ వచ్చేలోపు అతని దగ్గరికి చేరేది కయ్యకి నీళ్లు కడుతున్న మనిషే.

ముందు 112కి ఫోన్ చేయండి. ఊరు, మండలం, దగ్గర్లోని గుడో పొగాకు బ్యారనో గుర్తు చెప్పండి. పారాచూట్ గొడుగులు ఎన్ని కనపడ్డాయో కూడా చెప్పాలి. సుఖోయ్‌లో ఇద్దరుంటారు, రెండోవాడు పక్క ఊళ్లో పడి ఉండొచ్చు. ఒక కుర్రాణ్ని రోడ్డు మీద నిలబెడితే అంబులెన్సు డొంకల్లో తిరగకుండా నేరుగా వస్తుంది.

దగ్గరికి వెళ్లగానే ఊరి పేరు చెప్పండి. "ఇండియా, ఆంధ్రా, నెల్లూరు" అంటే చాలు, తెలుగు రాని పైలట్‌కైనా అర్థమవుతుంది. కింద పడ్డవాడి మొదటి అనుమానం ఇది ఎవరి నేల అనే. 2019 ఫిబ్రవరి 27న మిగ్-21 కూలి సరిహద్దు అవతల దిగిన అభినందన్ వర్ధమాన్ కూడా చుట్టూ చేరిన వాళ్లని ఇది ఇండియాయేనా అనే అడిగాడు. కాదని తెలిశాక గాలిలోకి కాల్చి పరుగెత్తాడు, కుంటలోకి దూకి దగ్గరున్న కాగితాలు మింగబోయాడు. మన పైలట్ నడుముకీ పిస్టల్ ఉండొచ్చు. చేతులు కనపడేలా, కర్రలూ కొడవళ్లూ పక్కన పెట్టి, ఇద్దరు ముగ్గురే ముందుకెళ్లండి.

గాలికి గొడుగు ఉబ్బి మనిషిని ఈడ్చుకుపోతుంటే అతన్ని పట్టుకుని లాగితే లాభం లేదు. గాలి పోయే దిక్కుకి చుట్టూ తిరిగి వెళ్లి, నేలకి దగ్గరగా ఉన్న తాళ్లు రెండు మూడు పట్టి గుంజండి, గొడుగు కూలిపోతుంది. స్పృహ లేకపోతే భుజాల పైనుంచి గొడుగుకి వెళ్లే పట్టీలు కొడవలితో కోయండి.

ఇక వెన్ను సంగతి. సీటు కింద రాకెట్ మండి మనిషిని పైకి విసిరే క్షణంలో వెన్ను మీద పడే ఒత్తిడి అతని బరువుకి పన్నెండు నుంచి ఇరవై రెట్లు. పూసలు నలిగిపోయినా ఆ వేడిలో అతనికి నొప్పి తెలియదు, లేచి నడుస్తాడు. మనవాళ్లు అది చూసి బైకు ఎక్కిస్తారు. అక్కడే చేటు జరిగేది. కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న మిగ్-27 ఇంజిను ఆగి దూకి, పట్టుబడి, జూన్ 3న తిరిగొచ్చిన కంబంపాటి నచికేత వెన్ను దెబ్బ వల్లే ఫైటర్లు వదిలి రవాణా విమానాలకి మారాల్సి వచ్చింది.

కాబట్టి కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టండి. హెల్మెట్ తీయొద్దు. ముఖం మీది ఆక్సిజన్ మాస్క్ మాత్రం ఒక పక్క కొక్కెం తప్పించి వదులు చేయండి, లేకపోతే ఊపిరాడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. మంటల వల్లో నీళ్ల వల్లో జరపక తప్పకపోతే నులక మంచం వాడొద్దు, అది నడుము దగ్గర కుంగుతుంది. తలుపు చెక్కో, బడి బెంచీయో తెండి. ఒకరు తల పట్టుకుని, ముగ్గురు భుజం, నడుము, కాళ్ల దగ్గర కూర్చుని, ఒకే మాట మీద దుంగని దొర్లించినట్టు పక్కకి తిప్పి చెక్కని అతని కిందకి తోయాలి. వాంతి వచ్చినా ఇలాగే ఒళ్లంతా ఒక్కసారే తిప్పాలి. మనకి మనసొప్పదు గానీ టీ, మజ్జిగ, మంచినీళ్లు ఏవీ పట్టొద్దు, ఆపరేషన్ పడొచ్చు.

రొయ్యల గుంటలో పడితే ముందు ఏరేటర్ల మెయిన్ ఆపాకే దిగండి. కరెంటు తీగలకి చిక్కితే 1912కి చెప్పి, లైన్ ఆగిందని వాళ్లు అనేదాకా ముట్టుకోవద్దు. సరుగుడు తోటలో చెట్టుకి వేలాడుతుంటే ఆలస్యం చేయకుండా కిందికి దించండి, పట్టీల్లో కదలకుండా వేలాడేవాడికి రక్తం కాళ్లలోనే నిలిచి ప్రాణం మీదకొస్తుంది. జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు సముద్రంలో అయితే కోస్ట్‌గార్డ్ 1554. బోటుని గొడుగు మీదుగా పోనివ్వొద్దు, తాళ్లు ఫ్యానుకి చుట్టుకుంటాయి. నీళ్లలోంచి నిలువునా లాగకుండా అడ్డంగా ఎత్తండి.

ఖాళీగా పడిన సీటు చూడ్డానికి ఇనప కుర్చీలా ఉంటుంది. పేలని మందు అందులో మిగిలి ఉండొచ్చు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. విమానం కాలిన పొగకి ఎదురుగాలి వైపు నిలబడండి. తేజస్ ఒళ్లు చాలావరకు కార్బన్ ఫైబర్, కాలితే ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైలట్ దగ్గరున్న చిన్న రేడియో బీకన్‌ని ఆపొద్దు, వెతికేవాళ్లకి దారి చూపేది అదే.

వీడియోలు తీయకండి. కొడుకు నెత్తుటి ముఖాన్ని తల్లి వాట్సాప్‌లో చూడకూడదు.

దిగినవాడు పరాయి దేశం పైలట్ అయినా వైద్యం ఇదే, మర్యాద ఇదే. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం అతను చెప్పాల్సినవి నాలుగే: పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు. మిగతావి అడగడం మన పని కాదు. కొట్టడం, జనం మధ్య ఊరేగించడం ఆ ఒప్పందం ప్రకారం నిషిద్ధం. నచికేతని పట్టుకున్న సైనికులు కొడుతుంటే ఆపింది వాళ్లలోనే ఒక అధికారి. మన గుంపులోనూ అలా అడ్డం నిలబడే పెద్దమనిషి ఒకడుండాలి. వాచీ, ఉంగరం, మెడలో బిళ్ల అతనివే, ఎవరూ తీయకూడదు.

పోలీసులు వచ్చాక ఎన్ని గంటలకి ఏ వైపు నుంచి పడ్డాడో, మీరు ఏయే పట్టీలు కోశారో చెప్పండి. గొడుగు గుడ్డ వడ్లు ఆరబోయడానికి, ఆ తాడు దూడకి కట్టడానికి బ్రహ్మాండంగా ఉంటాయి, నిజమే. కానీ విచారణలో ప్రతి ముక్కా లెక్కలోకొస్తుంది. అన్నీ అక్కడే వదిలేయండి.