ఫ్రంట్ సైట్‌కి ఆకురాయి పెట్టే ముందు

ఫిక్స్‌డ్ సైట్లు (గురి చూసే భాగాలు, జరపడానికి వీల్లేనివి) ఉన్న పిస్టల్‌తో రేంజ్‌లో షాట్లన్నీ గురికి కిందే పడుతున్నాయా? ఫ్రంట్ సైట్ (గొట్టం చివరనున్న మొన) ఎంత అరగదీయాలో లెక్క ఉంది. చేతులు ఇసుక సంచి మీద ఆనించి ఐదు షాట్లు కొట్టండి. ఆ గుంపు నడిమికీ గురికీ ఉన్న తేడాని ముందు, వెనక సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. అన్నీ మిల్లీమీటర్లలోనే. 10 మీటర్ల దగ్గర 20 మి.మీ. తేడా, సైట్ల మధ్య 150 మి.మీ. ఉంటే తీయాల్సింది 0.3 మి.మీ., అంతే! పిస్టల్ ఖాళీ చేసి, పై అంచు మాత్రమే, మొదట అందులో సగమే తీసి మళ్లీ కొట్టి చూడండి. తీసింది తిరిగి అతకదు కదా.

షాట్లు పైకి పోతుంటే ఆకురాయి జోలికే వెళ్లొద్దు, ఇంకా పెరుగుతుంది. చెల్లాచెదురుగా పడుతుంటే లోపం ట్రిగ్గర్ లాగడంలో ఉండొచ్చు, ముందు అది చూసుకోండి. మన వైజాగ్ ఉప్పుగాలికి అరగదీసిన చోట తుప్పు ఇట్టే పడుతుంది, వెంటనే ఒక చుక్క గన్ ఆయిల్ రాయండి.