అడిరాండాక్ సరస్సుల ఒడ్డున ఉచిత క్యాంపింగ్: రేంజర్ పర్మిట్‌కు దరఖాస్తు ఎలా?

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న అడిరాండాక్ అడవుల్లో, ప్రభుత్వ భూమిలో, సరస్సు దగ్గర టెంట్ వేసుకుని పడుకోవడానికి పైసా కట్టక్కర్లేని చోట్లు చాలా ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు వెళ్ళి రెండు రాత్రులు ఉండి వచ్చేస్తే దరఖాస్తు కూడా అక్కర్లేదు. ముందు వెళ్ళినవాళ్ళదే చోటు. కానీ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు క్యాంపింగ్‌కు వెళ్ళే తీరు వేరు. న్యూజెర్సీ నుంచో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ నుంచో బయల్దేరితే మూడు కుటుంబాలు, వాళ్ళ పిల్లలు, వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అంతా కలిపి డజను మంది తేలతారు. సరిగ్గా అక్కడే రూలు మారిపోతుంది. ఆ సంగతి తెలియక వెళ్ళి, చీకటి పడ్డాక ఇబ్బంది పడినవాళ్ళను చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ అడవులను చూసుకునేది రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖ. అక్కడ అందరూ డీఈసీ అంటారు. ఆ శాఖ నియమం ప్రకారం రెండు సందర్భాల్లో ఫారెస్ట్ రేంజర్ దగ్గర ముందుగా పర్మిట్ తీసుకోవాలి. మీ గుంపులో పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఒకటి. ఒకే చోట మూడు రాత్రులకు మించి ఉండాలనుకుంటే రెండోది. రెండింట్లో ఏ ఒక్కటి వర్తించినా పర్మిట్ కావాల్సిందే. లెక్కలో చంటిబిడ్డ కూడా ఒక మనిషే. పర్మిట్‌కు ఫీజు లేదు. న్యూయార్క్‌లో ఉండేవాళ్ళకే ఇస్తారన్న షరతు కూడా లేదు.

ముందు చోటు తేల్చుకోండి

అడిరాండాక్ పార్కు 1892లో ఏర్పడింది. అక్కడి ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 1894లో రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పార్కు మొత్తం సుమారు 60 లక్షల ఎకరాలు, అందులో మూడు వేలకు పైగా సరస్సులు, కుంటలు. అయితే 60 లక్షల ఎకరాలూ ప్రభుత్వానివి కావు. దాదాపు 26 లక్షల ఎకరాలే ప్రభుత్వ అడవి, మిగతాదంతా దాదాపు ప్రైవేటు భూమే. ఒకే సరస్సుకు ఒక ఒడ్డు ప్రభుత్వానిది, ఎదుటి ఒడ్డు ఎవరి ఇంటి పెరడో కావచ్చు. కాబట్టి మామూలు ఫోన్ మ్యాప్‌లో నీలం రంగు కనిపించిందని బయల్దేరకండి. డీఈసీ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో ప్రభుత్వ భూమి ఏదో, క్యాంప్‌సైట్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకోండి.

పెద్ద గుంపుకు నేను ముందు చెప్పే పేరు స్టిల్‌వాటర్ రిజర్వాయర్. హెర్కిమర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సుమారు 6,700 ఎకరాల నీళ్ళు. ఒడ్డునా దీవుల మీదా కలిపి గుర్తుపెట్టిన 46 క్యాంప్‌సైట్లు ఉన్నాయి, అన్నీ ఉచితమే. చాలావాటికి పడవలోనే వెళ్ళాలి. మోటారు పడవలను రానిస్తారు కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి సులువు. ఇక్కడ టెంట్ వేసే ముందు రేంజర్ హెడ్‌క్వార్టర్స్ దగ్గర పేర్లు నమోదు చేసుకోవాలి, అది చిన్న గుంపులకూ తప్పదు. వేసవి చివరికి నీళ్ళు తగ్గి పాత చెట్ల మొద్దులు బయటపడతాయి, పడవ నడిపేవాళ్ళు జాగ్రత్త.

ఇంకాస్త నిశ్శబ్దం కావాలంటే హామిల్టన్ కౌంటీలోని లేక్ లైలా ఉంది. మోటార్లు నిషేధం. కారు ఆపిన చోటు నుంచి అర కిలోమీటరు దాకా కయాక్‌ను మోసుకుని వెళ్ళాలి. సాయంత్రం లూన్ పక్షి కూత సరస్సు ఆ చివరి నుంచి ఈ చివరికి వినిపిస్తుంది. నా మనసు అక్కడే ఉంటుంది కానీ డజను మందితో వెళ్ళే చోటు కాదది. నలుగురైతే వెళ్ళండి.

ఎత్తైన కొండలుండే హై పీక్స్ ప్రాంతం సంగతి వేరు. ఆ అడవిలో రాత్రి బస చేసే గుంపు ఎనిమిది మందికి మించకూడదు. పది మంది ఉన్నామని పర్మిట్ అడిగినా లాభం లేదు. ‘ఐతే ఐదుగురు ఐదుగురుగా విడిపోయి పక్కపక్కన టెంట్లు వేసుకుంటాం’ అని కొందరు అంటారు. వంట ఒకటే, కబుర్లు ఒక్కచోటే అయితే అది ఒకే గుంపు. నేల తొక్కిడికి పాడవకుండా పెట్టిన నియమం అది. దాన్ని మోసం చేసి గెలిచేదేమీ లేదు.

రేంజర్‌ను పట్టుకోవడం

ఈ పర్మిట్ కోసం ఎక్కడో రాజధానిలోని ఆఫీసుకు కాగితం పంపనక్కర్లేదు. మీరు వెళ్ళే ప్రాంతాన్ని చూసుకునే రేంజర్‌తోనే మాట్లాడాలి. కాబట్టి మీరు తెలుసుకోవాల్సిన మొదటి విషయం కౌంటీ పేరు. డీఈసీ వెబ్‌సైట్‌లో ఫారెస్ట్ రేంజర్ల జాబితా ప్రాంతాలవారీగా, కౌంటీలవారీగా ఉంటుంది, పక్కనే ఫోన్ నంబర్లు. హామిల్టన్, ఎసెక్స్, ఫ్రాంక్లిన్ లాంటి తూర్పు కౌంటీలు 5వ రీజియన్ కిందికి, హెర్కిమర్, సెయింట్ లారెన్స్ లాంటివి 6వ రీజియన్ కిందికి వస్తాయి. లోస్ లేక్ లాగా రెండు కౌంటీల్లో పరుచుకున్న సరస్సులూ ఉన్నాయి. అలాంటప్పుడు ఏదో ఒక రేంజర్‌కు చేసి, మీరు దిగాలనుకున్న ఒడ్డు ఏదో చెబితే, ఎవరితో మాట్లాడాలో వాళ్ళే చెబుతారు.

కనీసం రెండు మూడు వారాల ముందు ఫోన్ చేయండి. జూలై నాలుగు, లేబర్ డే సెలవులకైతే ఇంకా ముందే. రేంజర్లు కుర్చీలో కూర్చునే మనుషులు కారు. తప్పిపోయినవాళ్ళను వెతకడం, కాలు విరిగినవాళ్ళను మోసుకురావడం, అడవి మంటలు ఆర్పడం వాళ్ళ పనే. మీరు ఫోన్ చేసినప్పుడు బహుశా ఏ కొండ మీదో ఉంటారు. వాయిస్ మెయిల్‌కే వెళ్తుందనుకుని, చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకోండి.

దరఖాస్తు చేసేది 18 దాటిన ఒకే మనిషి అయితే మంచిది. అతనే గుంపుకు పెద్ద, రేంజర్‌కు జవాబుదారీ. మెసేజ్‌లో పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్, ఈమెయిల్ చెప్పండి. ఎంతమంది, అందులో పిల్లలెంతమంది, ఏ తేదీన దిగి ఏ తేదీన వెళ్తారు, ఏ సరస్సు, మ్యాప్‌లో చూసుకున్న సైట్ నంబర్ ఉంటే అది, ఎన్ని కార్లు, ఎన్ని టెంట్లు, పడవలున్నాయా లేదా. ‘మేం లాంగ్ వీకెండ్‌కు గ్రూప్‌గా వస్తున్నాం, పర్మిట్ కావాలి’ అని ఊరుకుంటే రేంజర్ మళ్ళీ మీకు ఫోన్ చేసి ఇవన్నీ అడగాల్సిందే.

ఆ ఫోన్ దగ్గరే మేం ఒకసారి దెబ్బతిన్నాం. నాలుగు కుటుంబాలం, పద్నాలుగు మందిమి. మెసేజ్ పెట్టి వారం ఎదురుచూశాం. జవాబు రాలేదని మాలో మేమే టెన్షన్ పడుతుంటే, మా తమ్ముడు తన ఫోన్ చూసుకుని, ‘అన్నా, తెలియని నంబర్ నుంచి మూడుసార్లు వచ్చింది, స్పామ్ అనుకుని కట్ చేశాను’ అన్నాడు. మూడూ రేంజర్ చేసినవే. రోజంతా అడవిలో తిరిగి సిగ్నల్ దొరికినప్పుడల్లా చేశాడు పాపం. ఆ వారం రోజులు కొత్త నంబర్లన్నీ ఎత్తండి. వాయిస్ మెయిల్ బాక్స్ నిండిపోయి ఉంటే ఖాళీ చేయండి.

రేంజర్ మాట్లాడినప్పుడు కేవలం అనుమతి అడిగి పెట్టేయకండి. ఆయన ఆ నేలను రోజూ చూసే మనిషి. మా గుంపు పట్టే సైట్ ఏది, రోడ్డు ఎలా ఉంది, మా పెద్దవాళ్ళు నడవగలరా, ఎలుగుబంట్లు ఈ మధ్య ఎక్కడ తిరుగుతున్నాయి, నిప్పు వేసుకోవడానికి ఇప్పుడేమైనా ఆంక్షలున్నాయా అని అడగండి. మేం ఎంచుకున్న సైట్ విని ఆయన, అక్కడ నాలుగు టెంట్లు పట్టవు, ఇంకొకటి చూడండి అన్నాడు. మ్యాప్‌లో అన్ని చుక్కలూ ఒకేలా ఉంటాయి కదా, మాకెలా తెలుస్తుంది! ఈ పర్మిట్ వల్ల జరిగే అసలు మేలు ఇదే. అంత పెద్ద అడవిలో, ఫలానా రాత్రి ఫలానా ఒడ్డున పిల్లలతో పద్నాలుగు మంది ఉన్నారని తెలిసిన మనిషి ఒకడుంటాడు. వానొచ్చి పడవ తిరగబడినా, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా వెతుక్కుంటూ వచ్చేది ఆయనే.

పర్మిట్ ఏ చోటికి, ఏ తేదీలకు, ఎంతమందికి రాశారో దానికే చెల్లుతుంది. ఆఖరి నిమిషంలో ఇంకో కుటుంబం వస్తానంటే ముందు రేంజర్‌కు చెప్పండి. రాసిచ్చినదాన్ని ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు, చాలాచోట్ల సిగ్నలూ ఉండదు, ఛార్జింగూ ఉండదు.

టెంట్ ఎక్కడ వేయాలి

రోడ్డుకు, కాలిబాటకు, నీళ్ళకు కనీసం 150 అడుగుల దూరంలో టెంట్ వేయాలి. పెద్దవాళ్ళ అడుగులతో అరవై పైచిలుకు. మరి సరస్సు ఒడ్డునే ఎలా ఉంటామంటే, డీఈసీ వాళ్ళు గుర్తుపెట్టిన సైట్లు ఉంటాయి. అరచేతిని మించని పసుపు రంగు గుండ్రటి బిళ్ళ చెట్టుకు కొట్టి ఉంటుంది, దాని మీద ‘క్యాంప్ హియర్’ అని. ఆ బిళ్ళ ఉన్నచోట నీళ్ళకు దగ్గరగా ఉన్నా పర్వాలేదు. స్టిల్‌వాటర్‌లో గుర్తుపెట్టిన సైట్లలోనే ఉండాలి. మూడు గోడలతో, ముందువైపు తెరిచి ఉండే చెక్క పాకలు కొన్నిచోట్ల కనిపిస్తాయి, లీన్‌టూ అంటారు. అందులో చోటున్నంతవరకు ఎవరొచ్చినా సర్దుకోవాలి. మా కుటుంబానిదే అని ఆక్రమించకూడదు, లోపల టెంట్ వేయకూడదు.

కట్టెల విషయంలో మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. ఇంటి దగ్గర చవగ్గా దొరికాయని న్యూజెర్సీ నుంచి మామూలు కట్టెలు డిక్కీలో వేసుకురాకండి. వేడి చేసి శుద్ధి చేయని కట్టెలను వేరే రాష్ట్రం నుంచి తేవడం నిషేధం. రాష్ట్రంలోపల కూడా 50 మైళ్ళు దాటించకూడదు. బెరడు కింద దాక్కున్న ఎమరాల్డ్ యాష్ బోరర్ లాంటి పురుగులు కట్టెలతోపాటే ప్రయాణం చేసి కొత్త అడవిని తినేస్తాయి. అక్కడ కింద పడి ఎండిన కొమ్మలు ఏరుకోండి, నిలబడ్డ చెట్టుమీద కత్తి పెట్టకండి. పడుకునే ముందు నిప్పు మీద నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, బూడిద దగ్గర చెయ్యి వెనకవైపు పెట్టి చూడండి. వెచ్చదనం తగిలితే ఇంకో బిందె పోయాల్సిందే.

తిండి వాసనకు నల్ల ఎలుగుబంట్లు వస్తాయి. తూర్పు హై పీక్స్‌లో ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా తప్పనిసరి. మిగతాచోట్ల కూడా నేను అదే వాడమంటాను. పులిహోర, ఆవకాయ, పెరుగు డబ్బా, టూత్‌పేస్ట్ అన్నీ అందులోకే వెళ్ళాలి. ఒక డబ్బాలో డజను మంది తిండి పట్టదు, ఇంటి దగ్గరే సర్ది చూసుకుని అద్దెకు తెచ్చుకోండి. రాత్రిపూట దాన్ని టెంట్‌కు దూరంగా పెట్టండి.

గిన్నెలు సరస్సులో కడగొద్దు. నీళ్ళు ముంచుకొచ్చి 150 అడుగుల దూరంలో కడిగి పారబోయండి. మరుగుదొడ్డి లేనిచోట అంతే దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంత తవ్వి పూడ్చేయండి. తాగే నీళ్ళు మరగనివ్వాలి, చూడ్డానికి ఎంత తేటగా ఉన్నా సరే. పడవలో ఉన్న ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, 12 ఏళ్ళలోపు పిల్లలు తొడుక్కునే ఉండాలి. చేపలు పట్టాలంటే 16 ఏళ్ళు నిండినవాళ్ళకు వేరే లైసెన్స్ కావాలి, క్యాంపింగ్ పర్మిట్ దానికి పనికిరాదు. మే మధ్య నుంచి జూన్ చివరిదాకా నల్ల ఈగలు కుట్టి చంపుతాయి. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు జూలై చివరి తర్వాత పెట్టుకోండి.

ప్రమాదం జరిగితే 911, లేదా అడవిలో తప్పిపోయినా గాయపడినా రేంజర్ల అత్యవసర నంబర్ 833-697-7264. సిగ్నల్ ఉన్నచోటే దీన్ని అందరి ఫోన్లలో ఎక్కించండి, ఒక కాగితం మీద కూడా రాసి కారులో పెట్టండి.

కాలిబాట మొదట్లో చెక్క పెట్టెలో రిజిస్టర్ పుస్తకం ఉంటే వెళ్ళేటప్పుడు రాసినట్టే వచ్చేటప్పుడు కూడా సంతకం చేయండి. అనుకున్న తేదీకి ముందే వచ్చేసినా, అసలు వెళ్ళకపోయినా, రేంజర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. లేకపోతే మీరు ఇంట్లో నిద్రపోతుంటే ఎవరో టార్చ్ పట్టుకుని మీ కోసం ఒడ్డంతా తిరగాల్సి వస్తుంది.