బ్యాటన్ తిప్పడం నేర్చుకోవాలంటే: ముందు మణికట్టు, ఎగరేయడం తర్వాత

బ్యాటన్, అంటే బ్యాండు ముందు నడుస్తూ తిప్పే కడ్డీ, చేతికి రాగానే పిల్లలు ముందు చేసే పని దాన్ని పైకి ఎగరేయడం. వాళ్లని ఏమీ అనలేం, బయటికి కనపడేది అదే కదా. అమెరికాలో ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో బ్యాండు వాయిస్తుంటే, దాని ముందు మెరిసే డ్రెస్ వేసుకున్న ఒకమ్మాయి బ్యాటన్‌ని ఎంతో ఎత్తుకి విసిరి, కింద గిర్రున రెండు చుట్లు తిరిగి మళ్లీ పట్టుకుంటుంది, స్టేడియం అంతా ఈలలే. కానీ ఆ ఒక్క విసురు వెనక నెలల తరబడి జరిగే సాధన అంతా మణికట్టులో, బొటనవేలులో ఉంటుంది. హైస్కూల్ బ్యాండులో ట్విర్లర్‌గా, అంటే బ్యాటన్ తిప్పే అమ్మాయిగా, చేరతానని పిల్ల అడుగుతున్న తెలుగు తల్లిదండ్రులు అక్కడ ఉంటారు, వీడియోలు చూసి ముచ్చటపడ్డవాళ్లు ఇక్కడా ఉంటారు. అందరికీ పనికొచ్చేలా మొదటినుంచీ చెప్తాను.

ముందు బ్యాటన్ సంగతి. సన్నటి స్టీలు కడ్డీ, రెండు చివర్లా తెల్ల రబ్బరు తొడుగులు. పెద్ద చివరని బాల్ అంటారు, చిన్నదాన్ని టిప్ అంటారు. చెయ్యి పక్కకి బారుగా చాపి ఒక చివర చంక దగ్గర ఆనిస్తే రెండో చివర మధ్యవేలి కొస దాకా రావాలి, అదీ కొలత. ఎదిగే పిల్లలకి ఒక అంగుళం ఎక్కువున్నా పర్లేదు, అంతకంటే పొడుగైతే తిప్పుతున్నప్పుడు ఒంటికి తగులుతూనే ఉంటుంది. బొమ్మల షాపులో దొరికే ప్లాస్టిక్ బ్యాటన్ మాత్రం కొనొద్దు. అందులో బరువుండదు, బరువు లేనిది తిరగదు, పిల్లలేమో తప్పు తమదే అనుకుని మానేస్తారు.

కొన్నాక దాన్ని ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. కొలత ప్రకారం మధ్యలో నిలబడదు, కాస్త బాల్ వైపుకి జరపాలి, ఎందుకంటే బరువు అటే ఎక్కువ. నిలబడిన ఆ చోటే మీకు అసలు మధ్య. అక్కడ సన్నగా టేపు చుట్టుకుంటే గుర్తూ ఉంటుంది, చెమట చేతికి జారకుండానూ ఉంటుంది.

ఒక చివర ఇలా బరువుగా ఎందుకుంటుందో తెలియాలంటే మన రిపబ్లిక్ డే పరేడ్ గుర్తు చేసుకోండి. మిలిటరీ బ్యాండుకి ముందు, పైన లోహపు గుండు ఉన్న పొడుగాటి కర్ర పట్టుకుని ఒకాయన నడుస్తారు. ఆయన డ్రమ్ మేజర్, ఆ కర్ర పేరు మేస్. డ్రమ్ముల హోరులో గొంతు వినపడదు కాబట్టి ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి అన్నది కర్రతోనే చెప్పేవాళ్లు. బ్రిటన్, యూరప్ సైన్యాల పద్ధతి అది, మన దగ్గరికీ అమెరికాకీ అక్కణ్నుంచే వచ్చింది. అమెరికాలో స్కూలు బ్యాండులు బాగా పెరిగిన 1930, 40ల్లో ఆ ముందు వరసలోకి అమ్మాయిలొచ్చారు, కర్ర పొట్టిదై తేలికపడింది, పైనున్న గుండే బాల్ అయింది, గాల్లో తిరగడం మొదలైంది. ఈ అమ్మాయిల్నే మేజరెట్లు అంటారు. వాళ్ల పొడుగు టోపీలు, జాకెట్ మీద మెరిసే బొత్తాలు, మోకాలు పైకెత్తి వేసే అడుగు, అన్నీ సైనికుల కవాతువే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. బ్యాండు ముందు అమ్మాయిల్ని నిలబెట్టడానికి ఉత్సాహపడిన పెద్ద యూనివర్సిటీలే, బ్యాండు లోపల ట్రంపెట్ ఇచ్చి వాయించనివ్వడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ మార్చింగ్ బ్యాండులోకి అమ్మాయిలు వచ్చింది 1973లో, అదీ చదువుల్లో ఆడమగ తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చాక. అందుకే మేజరెట్ అంటే అలంకారం అనేవాళ్ల మాట పట్టించుకోకండి. ఆ అమ్మాయిలకి దొరికిన చోటు అదొక్కటే, ఆ చోటులోనే ఇంత కష్టమైన విద్యని తయారుచేసుకున్నారు.

సరే, తిప్పుదాం. కుడిచేత్తో అసలు మధ్యలో పట్టుకోండి, బొటనవేలు బాల్ వైపు ఉండాలి. పిడికిలి బిగించొద్దు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పట్టు చూసుకుంటాయి, మిగతా రెండిటినీ వదులుగా ఉంచండి. చెయ్యి ముందుకి చాపి, బాల్‌ని ముందువైపు నుంచి కిందికి దించుతూ చేతికి లోపలివైపు ఒక చుట్టు, ఆగకుండా అదే ఊపులో బయటివైపు ఇంకో చుట్టు. బాల్ గాల్లో 8 అంకె గీస్తున్నట్టు ఉంటుంది, దీన్నే ఫిగర్ ఎయిట్ అంటారు. భుజం కదలకూడదు, మణికట్టే తిరగాలి. కర్రసాము నేర్చినవాళ్లకి ఈ తిప్పు కొత్తగా అనిపించదు. మొదట్లో బ్యాటన్ మోచేతికి తగులుతుంది, నల్లగా కములుతుంది కూడా, దాదాపు ప్రతి ఒక్కరికీ ఇంతే. కుడిచెయ్యి కుదిరిన రోజే ఎడమచెయ్యి మొదలుపెట్టండి, వాయిదా వేయొద్దు, పోటీల్లో రెండు చేతులూ చూస్తారు.

తర్వాత థంబ్ ఫ్లిప్. నా లెక్కలో ట్విర్లింగ్ నిజంగా మొదలయ్యేది ఇక్కడే. అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకుని, మణికట్టు లోపలికి తిప్పుతూ వేళ్లు వదిలేస్తే బ్యాటన్ బొటనవేలి మీదుగా దొర్లి, ఒక క్షణం దేని ఆసరా లేకుండా తిరుగుతుంది. ఆ క్షణంలో వేళ్లు భయంతో మూసుకుపోతాయి, కడ్డీ వేలి కణుపుకి ఠంగున తగులుతుంది. వదలడం నేర్చుకోవడమే ఇక్కడ పాఠం. ముందు రెండో చేత్తో పట్టుకోండి, అలవాటయ్యాక అదే చేత్తో. గచ్చు మీద కాకుండా గడ్డిలో సాధన చేస్తే రబ్బరు చివర్లు ఎక్కువకాలం ఉంటాయి, కింద ఇంటివాళ్లకీ ప్రశాంతత.

ఇప్పుడు ఎగరేయండి. ఎత్తు మోకాళ్ల నుంచి, చాపిన చేతి నుంచి రావాలి, తిరగడం బొటనవేలి నుంచి రావాలి. ఈ రెండూ కలగలిపి విసిరేస్తే బ్యాటన్ వంకరగా పక్కింటి గోడ మీదికి పోతుంది. చెయ్యి పైకి లేస్తూ తల ఎత్తు దాటేటప్పుడు వదలండి. తల పైన ఒక అడుగు ఎత్తు చాలు, అది పదిసార్లు వరసగా చేతికి వచ్చాకే ఇంకాస్త పైకి. పడుతున్నప్పుడు తిరిగే చివర్లని చూస్తే కళ్లు బెదురుతాయి, మధ్యలో మీరు చుట్టిన టేపునే చూడండి. ఫోన్‌లో ముందునుంచి వీడియో తీసుకోండి, బ్యాటన్ నిలువుగా ఒకే గీతలో తిరుగుతోందా, వాలుతోందా అన్నది మీకే తెలుస్తుంది. జడ్జీలు ముందు చూసేదీ అదే.

అయిదారు నెలలయ్యాక ఏ దారిలో వెళ్లాలో ఆలోచించొచ్చు. పోటీల దారి ఒకటి: అమెరికాలో నేషనల్ బ్యాటన్ ట్విర్లింగ్ అసోసియేషన్ 1945లో, యునైటెడ్ స్టేట్స్ ట్విర్లింగ్ అసోసియేషన్ 1958లో మొదలయ్యాయి, మొదటి ప్రపంచ పోటీలు 1980లో సియాటిల్‌లో జరిగాయి. ఇందులో ఒకటి, రెండు, మూడు బ్యాటన్లు, మోచేతి మీద, మెడ మీద దొర్లించే రోల్స్ అన్నీ కావాలి. చూసి నేర్చుకోవాలంటే జపాన్ వాళ్ల వీడియోలు వెతకండి, అంత శుభ్రమైన చెయ్యి అరుదు. కాలేజీ బ్యాండు దారి ఇంకోటి. పర్డ్యూ యూనివర్సిటీ 1954 నుంచి గోల్డెన్ గర్ల్ అని ఒక ట్విర్లర్‌ని నిలబెడుతోంది. అలాంటి చోటు కావాలంటే పెద్ద మైదానంలో చివరి వరసకి కూడా కనపడేలా తిప్పడం రావాలి.

మూడోదాంట్లో అసలు బ్యాటనే ఉండదు. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన కాలేజీల్లో ఒకటైన మిసిసిపీలోని జాక్సన్ స్టేట్‌లో, 1970ల మొదట్లో షర్లీ మిడిల్టన్ ఆధ్వర్యంలో మేజరెట్లు బ్యాటన్లు పక్కన పెట్టి డ్యాన్సుకి మారారు. ప్రాన్సింగ్ జె-సెట్స్ అంటే వాళ్లే. ముందున్న అమ్మాయి ఒక స్టెప్పు వేస్తే వెనక వరస దాన్ని అందుకుంటుంది, మళ్లీ ఆ వెనక వరస. ఆ శైలి అమెరికా దక్షిణ రాష్ట్రాల క్లబ్బుల్లోకీ అక్కణ్నుంచి పాప్ గాయని బియాన్సే డ్యాన్సుల్లోకీ వెళ్లింది. మీ అమ్మాయికి కాళ్లలో లయ ఎక్కువగా ఉంటే ఈ దారి చూపించండి, బ్యాటన్ మీద పెట్టిన కష్టం ఎక్కడికీ పోదు.

ఏ దారైనా మొదటి ప్రదర్శనకి ఒక నిమిషం పాట చాలు. ఎనిమిదేసి లెక్కలుగా విడగొట్టి, ఫిగర్ ఎయిట్, ఫ్లిప్, కొంచెం నడక, చివర్లో ఒకే ఒక్క ఎగరేత పెట్టుకోండి. బ్యాటన్ కింద పడితే మొహం మార్చకుండా తీసుకుని, పాట ఎక్కడుంటే అక్కడ కలవాలి. దీన్ని కూడా ఇంట్లో కావాలని పడేసి సాధన చేయించండి. చివర్లకి నిప్పంటించే ఫైర్ బ్యాటన్ గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది ఏళ్ల అనుభవం తర్వాత, టీచర్ పక్కనుండి తడిగుడ్డ చేత పట్టుకుని నిలబడితేనే.